కుట్టుమిషనుతో పాటు స్క్రూడ్రైవరు కూడా ఇచ్చేవారు

మొన్నటి వేసవిలో నా పాత లాప్‌టాప్ ఇరవై నిమిషాలకొకసారి చెప్పాపెట్టకుండా ఆరిపోవడం మొదలుపెట్టింది. మా వీధి చివర ఉన్న రిపేరు దుకాణానికి తీసుకువెళ్లాను. కౌంటరు వెనుక కూర్చున్న కుర్రవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒకసారి ఆన్ చేసి, అది ఆరిపోయేదాకా కూడా ఆగకుండా తీర్పు చెప్పేశాడు. "మదర్‌బోర్డు పోయింది సార్. ఎనిమిదిన్నర వేలవుతుంది. దీని మీద అంత పెట్టడం దండగ, కొత్తది తీసుకోండి." అతను ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. నాకు అతని మీద కోపం రాలేదు కానీ ఇంటికి వచ్చేదాకా మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. అతను చెప్పింది నిజమో కాదో తేల్చుకునే దారి నా దగ్గర లేదు. ఎనిమిదేళ్లుగా రోజూ నా ఒళ్లో కూర్చున్న వస్తువు లోపల ఏముందో నాకు తెలియదు, అడిగినవాడికి చెప్పలేను, చెప్పినవాడిని ప్రశ్నించలేను.

పాత లాప్‌టాప్‌ను ఇంట్లో విప్పుకోవాలని నేను వాదించేది ఆ నిస్సహాయత దృష్ట్యానే. డబ్బు మిగలడం, పర్యావరణానికి మేలు జరగడం నిజమే అయినా, అవి నాకు తరువాతి మాటలు. విప్పి చూసినవాడికి రోగమేమిటో తెలుస్తుంది. రోగం తెలిసినవాడు వైద్యం తానే చేసుకుంటాడా, మరొకరి చేత చేయించుకుంటాడా అన్నది వేరే సంగతి.

నా లాప్‌టాప్ థింక్‌ప్యాడ్ టి430. 2012 నాటి మోడల్. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు ఉద్యోగులకిచ్చి వాడించి ఇలాంటి వాటిని గంపగుత్తగా అమ్మేస్తాయి. వాటిని తుడిచి, బాగుచేసి అమ్మే దుకాణాలు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో చాలా ఉన్నాయి. హైదరాబాదులో కంప్యూటరుతో పని ఉన్న వాళ్లందరూ దాన్ని సీటీసీ అనే అంటారు. నేను 2017లో అక్కడే కొన్నాను. మూతలూ కీళ్లూ గట్టివి, అడుగున బ్యాటరీ గొళ్లెం జరిపితే ఊడి చేతికి వస్తుంది. ఆ రోజు అమ్మినాయన ఒక మాట అన్నాడు. "ఇది విప్పడానికే చేసిన మిషన్ అన్నా, భయపడకండి." అప్పుడు అది అమ్మకపు మాట అనుకున్నాను.

మదర్‌బోర్డు తీర్పు విన్న రాత్రి ఆ మాట గుర్తుకు వచ్చి వెతికితే, ఈ మోడల్‌కు తయారీదారే ప్రచురించిన మరమ్మతు పుస్తకం ఒకటి ఉచితంగా దొరికింది. వాడుకరికి ఇచ్చే పలచటి కరపత్రం కాదు, వందకు పైగా పుటలున్న సాంకేతిక గ్రంథం. ఏ భాగం తీయాలంటే ముందు ఏ భాగాలు తీయాలో, ఒక్కో స్క్రూ పొడవు ఎంతో, దాన్ని ఎంత బిగువుతో తిప్పాలో గీతల బొమ్మలతో సహా ఉన్నాయి. లాప్‌టాప్‌ను బోర్లించి చూస్తే అడుగున స్క్రూ రంధ్రాల పక్కన చిన్న చిన్న గుర్తులు కనిపించాయి. కొన్నింటి పక్కన కీబోర్డు బొమ్మ, మరొక చోట మెమరీ బొమ్మ. ఇన్నేళ్లలో ఆ గుర్తులను నేను ఎన్నిసార్లు చూసి ఉంటానో. అవి నాకోసమే గీసినవని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాను. చార్జరు తీసి, బ్యాటరీ ఊడదీసి, లోపల మిగిలిన విద్యుత్తు పోవడానికి పవర్ బటనును పదిహేను సెకన్లు నొక్కి పట్టుకున్నాను. స్క్రూలు పెట్టుకోవడానికి వంటింట్లోంచి ఇడ్లీ రేకులు తెచ్చుకున్నాను. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. దశకొక గుంట చొప్పున స్క్రూలు వేసుకుంటూ పోతే, తిరిగి బిగించేటప్పుడు వెనుక నుంచి ముందుకు రావడం ఎంత సులువో చేసినవారికే తెలుస్తుంది. కీబోర్డు గుర్తున్న స్క్రూలు విప్పి, కీబోర్డును తెర వైపు కొంచెం జరిపితే దాని ముందు అంచు పైకి లేచింది. దాన్ని పుస్తకం పుటలా తిప్పి, కింద ఉన్న కేబులును మెల్లగా ఊడదీసి పక్కన పెట్టాను. తరువాత అడుగున మిగిలిన స్క్రూలు విప్పి, గడువు తీరిన ఏటీఎం కార్డును అంచులో దూర్చి లాగితే అరచేతులు ఆనే పై పలక టక్ టక్ మంటూ విడివడింది. మొదటి టక్ విన్నప్పుడు ఏదో విరిగిందనే అనుకున్నాను. ప్లాస్టిక్ కొక్కేలు విడివడితే అలాగే చప్పుడవుతుందని నాలుగో చప్పుడుకు అర్థమయింది.

లోపల కనిపించినది చెప్పడానికి కొంత సిగ్గుగానే ఉంది. రాగి గొట్టం ఒకటి ప్రాసెసర్ మీది నుంచి మొదలై, మూలన ఉన్న ఫ్యాను పక్కకు వెళ్లి పలచటి లోహపు రెక్కల వరుసలో ముగుస్తుంది. ఆ గొట్టం లోపల తక్కువ పీడనంలో కొద్దిపాటి ద్రవం ఉంటుంది. ప్రాసెసర్ దగ్గర ఆవిరై, రెక్కల దగ్గర చల్లబడి, తిరిగి వెనక్కు వస్తూ వేడిని మోస్తుంది. ఫ్యాను ఆ రెక్కల మధ్య నుంచి గాలిని బయటకు తోస్తుంది. పద్ధతి ఇంతే. నా లాప్‌టాప్‌లో ఫ్యానుకూ రెక్కలకూ మధ్య బూడిదరంగు దుప్పటి ముక్క లాంటిది అడ్డంగా నిలబడి ఉంది. పట్టకారుతో పట్టి లాగితే ముక్కలు కాకుండా ఒకే పలకగా వచ్చింది. ఎనిమిదేళ్ల ఇంటి దుమ్ము, తలవెంట్రుకలు, పోపుల జిడ్డు, అగరొత్తుల పొగ కలిసి నేసిన బట్ట అది. దాని మూలన బొద్దింక గుడ్ల సంచి ఒకటి, ఖాళీది. గాలి బయటకు వెళ్లే దారి పూర్తిగా మూసుకుపోయి ఉంటే, వేడిని తట్టుకోలేని ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి యంత్రాన్ని ఆర్పివేస్తున్నది. అంటే ఆ ఆరిపోవడం రోగమే కాదు, అది యంత్రం చేసుకుంటున్న ఆత్మరక్షణ. దుకాణంలో దానికి పెట్టిన పేరు మదర్‌బోర్డు పోవడం.

మిగిలిన పని చిన్నదే. ప్రాసెసర్‌కూ దాని మీద కూర్చునే రాగి పలకకూ మధ్య ఒక లేపనం ఉంటుంది, థర్మల్ పేస్ట్ అంటారు. కంటికి నున్నగా కనిపించే ఆ రెండు ఉపరితలాల మీదా సూక్ష్మమైన గుంటలుంటాయి. వాటిలో చేరే గాలి వేడిని సరిగా దాటనివ్వదు, లేపనం ఆ గుంటలను పూడుస్తుంది. నాది ఎండి సున్నం పెళ్లలా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి నూలుగుడ్డతో రెండు వైపులా తుడిచి, పెసరగింజంత కొత్త పేస్టు పెట్టి, కారు చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురు స్క్రూలను కొంచెం కొంచెంగా బిగించాను. ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకునే గాలి కొట్టాలి, లేకపోతే అది విపరీతంగా తిరిగి బేరింగు పాడవుతుంది. అన్నీ అమర్చి ఆన్ చేశాను. విప్పకముందు ఏ పనీ పెట్టకుండానే 90 డిగ్రీలు దాటుతుండే ప్రాసెసర్ ఇప్పుడు 58 దగ్గర నిలబడింది. బ్రౌజరులో ముప్పై పుటలు తెరిచి, ఒక వీడియో నడిపినా 74కు మించలేదు. ఖర్చు పేస్టుకు రెండు వందల ఎనభై రూపాయలు. ఆల్కహాల్ సీసాలో ముప్పాతిక వంతు ఇంకా మిగిలే ఉంది.

మా అమ్మకు ఒక కుట్టుమిషను ఉండేది. నెలకొకసారి దాని సూది కింది పలకను తనే స్క్రూ విప్పి తీసి, పళ్ల మధ్య ఇరుక్కున్న దారపు నూగును చిన్న కుంచెతో దులిపి, బాబిన్ కేసు తుడిచి, నూనె చుక్కలు వేసి తిరిగి బిగించేది. మిషను కొన్నప్పుడే పెట్టెలో చిన్న నూనె డబ్బా, స్క్రూడ్రైవరు, ఎక్కడెక్కడ నూనె వెయ్యాలో బాణం గుర్తులతో చూపించే చిన్న పుస్తకం ఇచ్చారు. అమ్మ ఐదో తరగతితో చదువు ఆపేసింది. ఆమెను ఎవరూ మెకానిక్ అనలేదు, ఆమె కూడా తాను రిపేరు చేస్తున్నాననుకోలేదు. బియ్యం ఏరుకోవడం లాంటి పనే అది ఆమెకు. పట్టీ తెగితే తానే మార్చేది. లోపలి షాఫ్టు అరిగినప్పుడు మాత్రం బజారులోని మిషను మేస్త్రీ దగ్గరికి పంపేది. పంపేటప్పుడు, "కింది షాఫ్టు ఆడుతోందని చెప్పు, దారం టెన్షన్ ముట్టుకోవద్దను" అని నాకు అప్పగింతలు పెట్టి మరీ పంపేది. ఆ అప్పగింతల వల్లనే మేస్త్రీ ఆమెకు లేని రోగం చెప్పలేకపోయేవాడు.

స్క్రూడ్రైవరును పెట్టెలో పెట్టి అమ్మినవాడు కొనుగోలుదారును యజమానిగా చూశాడు. మూతను జిగురుతో అతికించి, 'ఇది తీస్తే వారంటీ చెల్లదు' అని స్టిక్కరు వేసినవాడు మనల్ని అద్దెకున్నవాళ్లుగా చూస్తున్నాడు. అలాంటి స్టిక్కర్ల మీద అమెరికాలో 2018 ఏప్రిల్‌లో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. అక్కడ 1975 నుంచి ఉన్న వారంటీ చట్టం ప్రకారం అలాంటి షరతులు సాధారణంగా చెల్లవని ఆ లేఖల సారాంశం. మన దగ్గర ఆ స్టిక్కరును జనం ఇప్పటికీ పోలీసు సీలులాగే చూస్తారు. పదేళ్ల కిందట వారంటీ తీరిపోయిన వస్తువు మీద కూడా దాన్ని చింపడానికి చేయి వణికే మనిషిని నేనే. ఆ వణుకు నాకు ఎవరు నేర్పారా అని తరువాత చాలాసేపు ఆలోచించాను.

ఇంట్లో విప్పడం ప్రమాదమని అనేవారి మాటను నేను తోసిపుచ్చను. అందులో నిజముంది, దానికి నా చేతులే సాక్ష్యం. మొదటిసారి తిరిగి బిగించేటప్పుడు తొందరలో ఒక పొడవు స్క్రూను పొట్టి స్క్రూ రంధ్రంలో పెట్టి తిప్పాను. బిగువుగా ఉందని మరికొంచెం బలం పెట్టాను. దాని మొన లోపలి నుంచి పై పలకను పొడుచుకువచ్చి కందిగింజంత బొప్పి కట్టించింది. అరచేయి ఆనినప్పుడల్లా అది ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. ఇడ్లీ రేకులు ఎంత బాగా సర్దుకున్నా, వాటిలోంచి తీసేవాడు జాగ్రత్తగా ఉండకపోతే ప్రయోజనం లేదు. రెండో తప్పు ఇంతకన్నా పెద్దది. ఈ విజయగర్వంతో మా చెల్లెలి లాప్‌టాప్ కూడా విప్పాను. అది సన్నటి, కొత్త తరహా యంత్రం. అందులో టచ్‌ప్యాడ్ నుంచి వచ్చే కాగితం లాంటి పలచటి పట్టీని పట్టి ఉంచే సాకెట్టుకు బియ్యపుగింజ వెడల్పున నల్లని గడియ ఒకటి ఉంటుంది. దాన్ని గోటితో పైకి లేపాలి. నేను పట్టీని లాగాను. గడియ ఎగిరి ఎక్కడో పడింది. ఎంత వెతికినా దొరకలేదు. చివరకు పట్టీ మీద సన్నని టేపు మడత పెట్టి దూర్చితే ఎలాగో నిలబడింది. చెల్లెలు దాన్ని "అన్నయ్య కట్టిన కట్టు" అంటుంది.

ఇంట్లో చేతులు పెట్టకూడని పని ఒకటుంది, అది ఉబ్బిన బ్యాటరీ. చెల్లెలి లాప్‌టాప్ విప్పడానికి అసలు కారణం టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోవడం. మూత తీసి చూస్తే టచ్‌ప్యాడ్‌లో ఏ దోషమూ లేదు. దాని కింద ఉన్న లిథియం బ్యాటరీ అప్పడంలా ఉబ్బి దాన్ని పైకి తోస్తున్నది. లోపలి రసాయనాలు క్షీణించి వాయువు పుట్టడం వల్ల వచ్చే ఉబ్బు అది. దాన్ని పొడిచినా, వంచినా, ఇనుప చాకుతో లేపబోయినా లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంటలు లేవవచ్చు. అక్కడితో ఆగి, మూత వదులుగా పెట్టి, బాల్కనీలో ఉత్త గచ్చు మీద ఉంచి, మర్నాడు సీటీసీకి తీసుకువెళ్లాను. ఆగాల్సిన చోట ఆగగలిగానంటే, విప్పి చూశాను కనుకనే. విప్పకుండా ఉంటే చెల్లెలు టచ్‌ప్యాడ్ పనిచేయడం లేదని గొణుక్కుంటూ, మౌసు తగిలించి, ఆ ఉబ్బిన సంచిని పరుపు మీద పెట్టుకుని ఇంకో ఏడాది వాడి ఉండేది. ప్రమాదం గురించి మాట్లాడేవారు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

సీటీసీలో నేను వెళ్లినాయనది రెండో అంతస్తులో మంచమంత దుకాణం. బోర్డు మీద 'చిప్ లెవెల్' అని రాసుకున్న నిపుణుడు. మైక్రోస్కోపు కింద బోర్డు పెట్టుకుని, నా కంటికి ఇసుకరేణువులా కనిపించే ముక్కను వేడిగాలితో ఊడదీసి మరొకటి అతికిస్తున్నాడు. నా టి430 కథ చెబితే నవ్వి, "దుమ్ము దులపడానికి నా దగ్గరికి రాకండి సార్, అది మీ పని. నా టైము తినకండి" అన్నాడు. ఇంటి మరమ్మతు రిపేరు చేసేవారి పొట్ట కొడుతుందని అనేవారికి నేను ఈ మాటే చెబుతాను. నిజమైన పనివాడికి చేతినిండా నిజమైన పని ఉంది. పొట్ట కొట్టేది ఎవరిదైనా ఉంటే, అది స్క్రూ విప్పకుండా తీర్పు చెప్పేవాడిది మాత్రమే.

అయితే ఈ వాదనంతా మూతకు స్క్రూలున్నప్పటి మాట. నా టి430 మార్కెట్లోకి వచ్చిన 2012 సంవత్సరంలోనే, జూన్ నెలలో, యాపిల్ రెటీనా తెరతో కొత్త మ్యాక్‌బుక్ ప్రోను విడుదల చేసింది. అందులో మెమరీని బోర్డుకే సోల్డరు చేశారు, అంటే ఊడి రాకుండా లోహం కరిగించి అతికించారు, బ్యాటరీని జిగురుతో అతికించారు, మూతకు మామూలు స్క్రూడ్రైవరు పట్టని ఐదు రేకుల స్క్రూలు పెట్టారు. యంత్రాలను విప్పి మార్కులు వేసే ఐఫిక్సిట్ సంస్థ దానికి పదికి ఒకటి వేసింది. ఒకే ఏడాది పుట్టిన రెండు యంత్రాలు, రెండు దారులు. తరువాతి దశాబ్దంలో దాదాపు అందరూ రెండో దారినే పట్టారు. నా లాప్‌టాప్ వంశంలో తరువాత వచ్చినవి కూడా మెమరీని కొంతో పూర్తిగానో బోర్డుకు అతికించుకున్నాయి. సన్నగా, తేలికగా ఉండటానికే ఇలా చేశామని తయారీదారులు చెప్పేది పూర్తి అబద్ధం కాదు. సాకెట్టు చోటు తింటుంది, బ్యాటరీ చుట్టూ గట్టి డబ్బా పెడితే బరువు పెరుగుతుంది. నా టి430 రెండు కిలోలు దాటి, భుజానికి వేసుకుంటే ఇటుక మోసినట్టే ఉంటుంది. కానీ కొన్ని మిల్లీమీటర్ల సన్నదనానికి బదులు ఐదేళ్ల ఆయుష్షు వదులుకుంటున్నారని కొనేటప్పుడు ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే ఎంతమంది ఒప్పుకునేవారో చూడాలని నాకు కోరిక.

చెప్పే పద్ధతి ఒకటి ఉంది. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి లాప్‌టాప్ ధరతో పాటు దాన్ని ఎంత సులువుగా రిపేరు చేయవచ్చో పదికి ఇన్ని అని మార్కు చూపించాలి. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించింది. 2025 మే నెలలో మరో కమిటీ మొబైళ్లకూ ఎలక్ట్రానిక్ వస్తువులకూ ఫ్రాన్సులో లాంటి సూచికనే సిఫార్సు చేసింది. పోర్టల్ మంచిదే. కానీ సర్వీసు సెంటర్ల చిరునామాలు ఇవ్వడం వేరు, మరమ్మతు పుస్తకమూ విడిభాగమూ ఇవ్వడం వేరు. కార్ల విషయంలో ఈ తేడా మనకు ముందే తెలుసు. విడిభాగాలనూ, లోపం కనిపెట్టే పరికరాలనూ బయటి మెకానిక్కులకు అందనివ్వలేదని 2014లో మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కారు బానెట్టు తెరవడం మన హక్కని ఒప్పుకున్న దేశం లాప్‌టాప్ మూత దగ్గర ఎందుకు తటపటాయించాలి? ఐరోపా సమాఖ్యలో 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీని వాడుకరే తీసి మార్చుకునేలా తయారు చేయాలన్న నిబంధన అమలులోకి వస్తుంది. అక్కడ అమ్మడానికి మూతకు స్క్రూలు పెట్టగలిగినవాళ్లు ఇక్కడ పెట్టలేమంటే నేను నమ్మను.

మూత విప్పినా తీరని ముసలితనం ఒకటి ఉంది, అది సాఫ్ట్‌వేరుది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది, విండోస్ 11 నా యంత్రాన్ని అధికారికంగా ఒప్పుకోదు. ఫ్యాను తిరుగుతోంది, తెర వెలుగుతోంది, అక్షరాలు పడుతున్నాయి, అయినా కాగితాల మీద అది చనిపోయినట్టే. పాత డిస్కు తీసి ఎస్ఎస్‌డీ అనే వేగమైన కొత్త తరహా డిస్కు పెట్టి, విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకున్నాను. తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక అందులోనే వచ్చింది. ఈ వ్యాసం దాని మీదే రాస్తున్నాను, బొప్పి కుడి అరచేతికి తగులుతోంది.

చెల్లెలి లాప్‌టాప్ వయసు ఐదేళ్లు, నాదానిలో సగం కూడా లేదు. చిప్ లెవెల్ ఆయన ఉబ్బిన బ్యాటరీని తీగ లాంటి దారంతో జిగురు కోసి జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాడు. దానికి సరిపోయే అసలు బ్యాటరీ ఆయనకు ఎక్కడా దొరకలేదు. నకిలీది పెట్టనంటాడు, అందుకు ఆయన మీద నాకు గౌరవం. నాలుగు జీబీల మెమరీ బోర్డుకే అతికించి ఉంది, పెంచడానికి వీల్లేదు. ప్రస్తుతానికి బ్యాటరీ లేకుండా, చార్జరు తగిలించే నడుస్తోంది. కరెంటు పోయినప్పుడల్లా చెల్లెలు ఫోను చేసి, "అన్నయ్యా, నీ పాత ఇటుక రాయి లాంటిది ఇంకొకటి సీటీసీలో ఉందేమో చూడు" అంటోంది. వచ్చే శనివారం వెళ్తున్నాను.